పన్ను పుచ్చే ముప్పు ఎవరికి ఎంత? దంత డాక్టర్లు వేసే లెక్క ఇదీ

ఒకే ఇంట్లో ఒకే వంట తిని పెరిగిన అన్నదమ్ముల్లో ఒకరికి ముప్పై ఏళ్లొచ్చినా ఒక్క పన్నూ పుచ్చదు. ఇంకొకరికి పదిహేనేళ్లకే రెండు దవడ పళ్లకు సిమెంటు, ఒకదానికి రూట్ కెనాల్ అయిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు దీన్ని 'వాడి పళ్లే అంత' అని వదిలేస్తారు. కానీ ఈ తేడాకు కారణాలు ఉంటాయి. వాటిలో చాలావరకు ముందే కనిపెట్టొచ్చు. ఆ కనిపెట్టే పద్ధతినే దంత వైద్యంలో దంతక్షయం రిస్క్ అంచనా అంటారు.

నొప్పి వచ్చాక వెళ్తే డాక్టర్ చూసేది ఒక్క పన్నునే. నొప్పి రాకముందు వెళ్తే మొత్తం నోటిని, తిండిని, తాగే నీళ్లను, వాడే మందులను కలిపి చూస్తారు. రాబోయే ఏడాది రెండేళ్లలో కొత్తగా పళ్లు పుచ్చే అవకాశం ఎంత, దాన్ని తగ్గించడానికి ఏం చేయాలి అన్నది తేలుస్తారు. బ్యాంకువాళ్లు లోను ఇచ్చేముందు పాత బాకీలు, ఆదాయం, ఖర్చులు అన్నీ చూసినట్టే ఇది కూడా.

ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మందికి శాశ్వత పళ్లలో, 51 కోట్ల మందికి పైగా పిల్లలకు పాలపళ్లలో పుచ్చు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెప్పింది. మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో 12 ఏళ్ల పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చు పళ్లు ఉన్నట్టు తేలింది.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పన్నులో పురుగు పడిందని మన వాడుక. నిజానికి పన్నులో పురుగు ఉండదు. పళ్ల మీద పేరుకునే పాచిలో కంటికి కనిపించని బ్యాక్టీరియా ఉంటుంది. మనం తీపి తిన్నప్పుడల్లా ఆ బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పన్ను పైపొర అయిన ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ లాంటి ఖనిజాలను కరిగిస్తుంది.

అమెరికాకు చెందిన రాబర్ట్ స్టీఫన్ అనే శాస్త్రవేత్త 1940లలో పళ్ల మీది పాచిలో ఆమ్లం ఎలా మారుతుందో కొలిచి చూపించారు. తీపి నోట్లో పడిన కొన్ని నిమిషాలకే ఆమ్లం బాగా పెరుగుతుంది. పీహెచ్ 5.5 కన్నా కిందికి పడితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని మెల్లగా కడిగేస్తుంది. నోరు మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ సమయంలోనే పోయిన ఖనిజాలు కొంత తిరిగి పన్నులోకి చేరతాయి. ఫ్లోరైడ్ ఉంటే ఆ పని ఇంకా బాగా జరుగుతుంది.

అంటే ప్రతి పన్నుకూ రోజూ ఒక జమా ఖర్చు నడుస్తుంటుంది. లాలాజలం, ఫ్లోరైడ్, శుభ్రత జమ వైపు. తీపి, పాచి, నోరు ఎండిపోవడం ఖర్చు వైపు. ఖర్చు రోజూ జమను మించిపోతుంటే కొన్ని నెలలకు పన్ను మీద సుద్ద రంగు మచ్చ వస్తుంది. తర్వాతే గుంట పడుతుంది. మచ్చ దశలో పట్టుకుంటే డ్రిల్లింగ్ లేకుండానే పన్నును వెనక్కి తెచ్చుకోవచ్చు. గుంట పడ్డాక ఆ అవకాశం పోతుంది. రిస్క్ అంచనా అవసరమంతా ఇక్కడే ఉంది.

డాక్టర్ ఏం చూస్తారు?

ఈ లెక్కకు ప్రపంచమంతా వాడే పద్ధతులు కొన్ని ఉన్నాయి. అమెరికాలో కాలిఫోర్నియా నిపుణులు 2003 ప్రాంతంలో తయారు చేసిన 'కాంబ్రా' ఒకటి. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ఫారాల్లో ఆరేళ్లలోపు వాళ్లకు ఒకటి, ఆరేళ్లు దాటినవాళ్లకు ఇంకొకటి ఉంటాయి. స్వీడన్‌లోని మాల్మోలో డగ్లస్ బ్రాతాల్ బృందం తయారు చేసిన 'కారియోగ్రామ్' అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ మన డెంటల్ కాలేజీల పరిశోధనల్లోనూ బాగా వాడుకలో ఉంది. ఇది ఫలితాన్ని ఐదు రంగుల ముక్కలున్న గుండ్రటి బొమ్మలా చూపిస్తుంది. తిండి, బ్యాక్టీరియా, పన్ను బలహీనత, పరిస్థితులు అన్న నాలుగు ముక్కలు పోగా మిగిలిన ఆకుపచ్చ ముక్కే కొత్త పుచ్చు రాకుండా తప్పించుకునే అవకాశం. ఆ ముక్క ఎంత పెద్దదైతే అంత మంచిది.

పేర్లు వేరైనా అన్నిటిలో చూసేవి దాదాపు ఒకటే.

మొదటిది, పాత చరిత్ర. గత మూడేళ్లలో పుచ్చు వచ్చిందా, సిమెంటు పెట్టించారా, పన్ను పీకించారా? రాబోయే పుచ్చును చెప్పే గుర్తుల్లో దీనికే బలం ఎక్కువ. సిమెంటు పెట్టించుకుంటే గుంట మూసుకుంటుంది కానీ గుంట పడటానికి కారణమైన అలవాటు పోదు. అందుకే 'అన్నీ ఫిల్ చేయించేశాం, ఇక భయం లేదు' అనుకోవడం పొరపాటు.

రెండోది, నోట్లో ఇప్పుడు కనిపించేవి. పళ్లను ఆరబెట్టి చూస్తే చిగుళ్ల అంచున సుద్ద రంగు మచ్చలు బయటపడతాయి. పళ్ల మధ్య సందుల్లో దాగిన పుచ్చు ఎక్స్‌రేలో తెలుస్తుంది. దవడ పళ్ల మీద లోతైన గీతలు, చిగుళ్లు దిగి వేర్లు బయటపడటం, పళ్లకు తీగలు వేయించుకోవడం కూడా లెక్కలోకి వస్తాయి.

మూడోది, తిండి. ఎంత తీపి తింటున్నారన్నది ఒక్కటే కాదు, రోజుకు ఎన్నిసార్లు తింటున్నారన్నది ముఖ్యం.

నాలుగోది, లాలాజలం. అవసరమైతే మైనం ముక్క ఐదు నిమిషాలు నమిలించి, వచ్చిన ఉమ్మిని కొలత గ్లాసులో పట్టి చూస్తారు. నమిలేటప్పుడు నిమిషానికి ఒక మిల్లీలీటరు దాటితే మామూలే. అందులో సగం కూడా రాకపోతే జాగ్రత్త పడాలి.

ఐదోది, రక్షణ. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోముతున్నారా? తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత? డాక్టర్ దగ్గర వార్నిష్ వేయించారా?

ఆరోది, ఇంటి పరిస్థితి. తల్లికి, తోబుట్టువులకు పుచ్చు పళ్లు ఉంటే పసిపిల్లలకు ముప్పు పెరుగుతుంది. అమ్మీయో నానీయో తన నోట్లో పెట్టుకుని రుచి చూసిన చెంచాతోనే బిడ్డకు పెడితే ఆ బ్యాక్టీరియా బిడ్డ నోటికి చేరుతుంది. ముద్దు చేయడం మానక్కర్లేదు, చెంచా మారిస్తే చాలు. పెద్దవాళ్ల పుచ్చుకు వైద్యం చేయించడం అంతకన్నా మంచిది.

నాలుగు మెట్లు

ఇవన్నీ కలిపి మనిషిని నాలుగు మెట్లలో ఒకదాని మీద నిలబెడతారు.

తక్కువ ముప్పు: మూడేళ్లుగా కొత్త పుచ్చు లేదు, మచ్చలు లేవు, రెండు పూటలా పేస్టుతో తోముతున్నారు, తీపి ఎక్కువగా భోజనంతోనే. వీళ్లు ఏడాదికి ఒకసారి చూపించుకుంటే సరిపోతుంది.

మధ్యస్థం: పుచ్చు లేకపోయినా అలవాట్లలో ఒకటి రెండు లోపాలు ఉన్నాయి. ఆరు నెలలకు ఒకసారి రావాలి.

ఎక్కువ: ఇప్పుడు పుచ్చు ఉంది, లేదా ఈ మధ్యే వచ్చింది, లేదా సుద్ద మచ్చలు కనిపిస్తున్నాయి. మూడు నాలుగు నెలలకు ఒకసారి చూపించుకోవాలి.

అతి ఎక్కువ: పుచ్చు ఉండటంతో పాటు నోరు బాగా ఎండిపోతోంది. తల, మెడ భాగానికి కాన్సర్ రేడియేషన్ తీసుకున్నవాళ్లు సాధారణంగా ఈ మెట్టు మీదే ఉంటారు.

మెట్టు శాశ్వతం కాదు. పిల్లాడు హాస్టల్‌కు వెళ్లినా, కోడలు గర్భవతి అయినా, దాదాకు కొత్త మందులు మొదలైనా లెక్క మళ్లీ వేయాలి.

నెల్లూరులో మొదట అడగాల్సిన ప్రశ్న: ఏ నీళ్లు తాగుతున్నారు?

వేరే ఊళ్లో డాక్టర్ ఈ ప్రశ్నను చివర్లో అడిగినా పర్వాలేదు. నెల్లూరులో మాత్రం మొదటే అడగాలి. కారణం ఈ జిల్లా చరిత్రలోనే ఉంది.

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బు గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో తాము చూసిన ఈ జబ్బును ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించారు. ఆ గ్రామాలు అప్పటి నెల్లూరు జిల్లాలోనివి. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. ఆ జిల్లానే తర్వాత ప్రకాశం అయింది. నెల్లూరు పడమటి మెట్టలో ఉదయగిరి వైపు ఇప్పటికీ ఫ్లోరైడ్ బాధ ఉన్న ఊళ్లున్నాయి.

దాదాపు అదే కాలంలో అమెరికాలో ట్రెండ్లీ డీన్ అనే దంత వైద్యుడు ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూశారు. నీళ్లలో ఫ్లోరైడ్ బాగా ఎక్కువైతే పళ్లు గార పడతాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉన్న ఊళ్లలో పళ్లు గార పడటం తక్కువ, పుచ్చడమూ తక్కువ. ఈ లెక్క ఆధారంగానే 1945లో గ్రాండ్ రాపిడ్స్ నగరంలో కుళాయి నీళ్లకు ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతి.

ఇప్పుడు తీరం వైపు చూద్దాం. జువ్వలదిన్నె, ఇసకపల్లి, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వరకు సముద్రం పక్క ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అందుకే ఎన్నో ఇళ్లలో తాగడానికి 20 లీటర్ల క్యాన్ నీళ్లే. ఆర్‌వో ప్లాంటు ఉప్పుతో పాటు ఫ్లోరైడ్‌ను కూడా చాలావరకు తీసేస్తుంది. అంటే ఉదయగిరి వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన తల్లికి ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు ఉండొచ్చు. పెళ్లయి తీరానికి వచ్చాక పుట్టిన ఆమె బిడ్డకు నీళ్ల ద్వారా ఫ్లోరైడ్ దాదాపు అందకపోవచ్చు. ఒకే కుటుంబంలో రెండు తరాలకు రెండు లెక్కలు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. 'మాది ఫ్లోరైడ్ ఏరియా, పేస్టులో కూడా ఫ్లోరైడ్ ఎందుకు' అని పిల్లలకు ఫ్లోరైడ్ లేని పేస్టు కొంటారు. ఇంట్లో క్యాన్ నీళ్లు తాగుతూ ఫ్లోరైడ్ లేని పేస్టు వాడితే బిడ్డ పళ్లకు రక్షణ రెండు వైపులా పోయినట్టే. నీళ్లను పరీక్ష చేయించాకే పేస్టు సంగతి తేల్చుకోవాలి. ఊళ్లో నీళ్ల పరీక్ష కోసం గ్రామీణ నీటి సరఫరా విభాగాన్ని అడగొచ్చు.

ఇంకో తికమక కూడా ఉంది. ఫ్లోరోసిస్ మచ్చ, పుచ్చు మొదలయ్యే మచ్చ రెండూ తెల్లగానే కనిపిస్తాయి. ఫ్లోరోసిస్ మచ్చలు సాధారణంగా రెండు వైపుల పళ్ల మీద ఒకేలా, అడ్డ గీతల్లా పరుచుకుని ఉంటాయి. పుచ్చు మచ్చ పాచి నిలిచే చోట, చిగురు అంచును ఆనుకుని ఉంటుంది. మొదటిది ఎనామిల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపే పడుతుంది. రెండోది ఏ వయసులోనైనా రావొచ్చు. గార పళ్లు పుచ్చవన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. ఫ్లోరోసిస్ ముదిరి ఎనామిల్ పెళుసై గుంటలు పడితే ఆ గుంటల్లో పాచి చేరి పన్ను పుచ్చుతుంది.

తీపి ఎంత? ఎన్నిసార్లు?

స్వీడన్‌లోని వైపెహోల్మ్‌లో 1945 నుంచి 1953 వరకు ఒక పరిశోధన జరిగింది. మానసిక వైకల్యం ఉన్నవాళ్లను ఉంచే ఆశ్రమంలో వాళ్ల అనుమతి లేకుండానే రోజూ జిగురు మిఠాయిలు తినిపించి పళ్లు ఎలా పాడవుతాయో చూశారు. మనుషులపై అలా చేయడం తప్పని తర్వాత తీవ్ర విమర్శలు వచ్చాయి. అయితే అందులో తేలిన విషయం మాత్రం నేటికీ నిలబడింది. అంతే తీపిని భోజనంతో పాటు తింటే పళ్లకు నష్టం తక్కువ. భోజనాల మధ్య, పళ్లకు అంటుకునే రూపంలో మాటిమాటికీ తింటే నష్టం చాలా ఎక్కువ.

దీన్ని మన ఇళ్లకు తెచ్చి చూద్దాం. పండగ రోజు భోజనం తర్వాత రెండు నెల్లూరు మలై కాజాలు తిన్న మనిషి కన్నా, అంగట్లో కూర్చుని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఐదు టీలు తాగే మనిషికే ముప్పు ఎక్కువ ఉండొచ్చు. టీకి రెండు చెంచాల చక్కెర చొప్పున ఐదు టీలకు పది చెంచాలు, అంటే సుమారు 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం రోజుకు 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాములలోపు ఉంటే ఇంకా మంచిది. గ్రాములు పక్కన పెట్టినా, ఒక్కో టీకి అరగంట నుంచి గంట చొప్పున రోజులో రెండున్నర నుంచి ఐదు గంటల సేపు పళ్లు ఆమ్లంలో ఉన్నట్టే. పక్కన బిస్కెట్ ఉంటే అది పళ్ల సందుల్లో ఇరుక్కుని ఇంకాసేపు ఉంటుంది. వేటకు బోటులో రోజుల తరబడి ఉండేవాళ్లకు, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లకు టీ మానమనడం కుదరని మాట. చక్కెర సగానికి తగ్గించడం, గ్లాసును గంట సేపు చప్పరించకుండా ఒకేసారి తాగేయడం, వెంటనే నీళ్లతో పుక్కిలించడం మాత్రం కుదురుతాయి.

బెల్లం, తేనె అయితే పర్వాలేదనుకోవద్దు. పాచిలోని బ్యాక్టీరియాకు అవి కూడా చక్కెరే. చేపలు, రొయ్యలు, మాంసం, గుడ్లు, పల్లీలు పన్నును పుచ్చబెట్టవు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. దానికి తోడు అది పుల్లటిది కాబట్టి నేరుగా కూడా ఎనామిల్‌ను కరిగిస్తుంది.

రంజాన్ నెలలో లెక్క మారుతుంది

రోజా ఉన్నప్పుడు పగలు తినడం లేదు కాబట్టి పళ్లకు విశ్రాంతి అనిపిస్తుంది. అది సగమే నిజం. పగలు నీళ్లు లేక లాలాజలం తగ్గుతుంది. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా ఖర్జూరం, షర్బత్, ఫాలూదా, పండ్ల ముక్కలు, టీ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తూనే ఉంటాయి. సహరీ చేసి నోరు కడగకుండా పడుకుంటే రోజంతా ఆ తిండి పళ్ల మీదే ఉంటుంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ఇఫ్తార్ తీపి ఇఫ్తార్ సమయంలోనే ముగించి నీళ్లతో బాగా పుక్కిలించాలి. తరావీహ్ అయ్యాక తాగేవి నీళ్లు, చక్కెర లేని పాలు అయితే మేలు. పడుకునే ముందు ఒకసారి, సహరీ తర్వాత ఫజ్ర్ అజాన్‌కు ముందు ఒకసారి పేస్టుతో తోమాలి. పుల్లటి షర్బత్ తాగిన వెంటనే కాకుండా కొంచెం ఆగి తోమడం మంచిది.

రోజాలో పంటి వైద్యం గురించి చాలామందికి సందేహం ఉంటుంది. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో జెద్దా సమావేశంలో చేసిన తీర్మానం ప్రకారం ఏదీ గొంతులోకి మింగకుండా జాగ్రత్తపడితే పన్ను సిమెంటు, పన్ను పీకడం, శుభ్రం చేయడం, మిస్వాక్, బ్రష్ వల్ల రోజా చెడదు. పగలు పేస్టు వాడటాన్ని మక్రూహ్‌గా చూసే ఉలమాలూ ఉన్నారు. అలాంటి ఇళ్లలో పేస్టును సహరీకి, రాత్రికి పెట్టుకుని, వైద్యం విషయంలో తమ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను అడిగి అపాయింట్‌మెంట్‌ను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవచ్చు. వాపు, చీము, జ్వరం ఉంటే మాత్రం పండగ దాకా ఆగకూడదు.

మిస్వాక్, వేప పుల్ల, వజూ

మిస్వాక్ సున్నత్ కాబట్టి మన ఇళ్లలో దానికి గౌరవం ఉంది. పళ్ల వైపు నుంచి చూసినా దానిలో మేలు ఉంది. సరిగ్గా నమిలి కుంచెలా చేసి తోమితే పాచి బాగానే పోతుంది. అయితే వెనుక దవడ పళ్ల లోపలి వైపుకు అది అందడం కష్టం. పేస్టులో ఉన్నంత ఫ్లోరైడ్ దానితో అందదు. వేప పుల్లకూ ఇదే వర్తిస్తుంది. రిస్క్ తక్కువ ఉన్నవాళ్లయినా పగలు నమాజులకు మిస్వాక్ వాడి, రాత్రి పడుకునే ముందు మాత్రం ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే మంచిది. ఎక్కువ ముప్పు ఉన్నవాళ్లు పేస్టు రెండు పూటలా వాడాలి.

వజూలో రోజుకు ఐదుసార్లు పుక్కిలించడం వల్ల తిండి తునకలు పోతాయి, ఆమ్లం కొంత పలచబడుతుంది. కానీ పాచి జిగురుగా అంటుకుని ఉంటుంది. పుక్కిలిస్తే పోదు, తోమితేనే పోతుంది. ఉప్పు, బొగ్గు, ఇటుక పొడితో రుద్దితే పళ్లు తెల్లబడినట్టు కనిపించినా ఎనామిల్ అరిగిపోతుంది.

పిల్లల దగ్గర ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

'పాలపళ్లే కదా, ఊడిపోతాయి' అన్న మాట వల్ల జరిగే నష్టం ఎక్కువ. పాలపళ్లు మొత్తం 20. చివరివి ఊడేసరికి 11, 12 ఏళ్లు వస్తాయి. అన్నేళ్లు పుచ్చుతో ఉంటే బిడ్డ నమలలేడు, రాత్రి నిద్రపోడు, బరువు పెరగడు. చీము పడితే కింద తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినొచ్చు. ముందే పీకించేస్తే చోటు మూసుకుపోయి వచ్చే పన్ను వంకరగా వస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వెనుక కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. దాని కోసం ఏ పాలపన్నూ ఊడదు. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని కూడా పాలపన్నే అనుకుని పట్టించుకోరు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. పుచ్చే పళ్లలో ముందు వరుసలో ఉండేదీ అదే. ఆరేళ్లకు, పన్నెండేళ్లకు వచ్చే దవడ పళ్ల గీతలకు డాక్టర్ సీలెంట్ పూత వేస్తే పుచ్చు చాలావరకు ఆగుతుంది.

పసిపిల్లల్లో ముప్పును పెంచేవి ఇవి: పాల సీసా నోట్లో పెట్టుకునే నిద్రపోవడం, పాలల్లో చక్కెర కలపడం, పాలపీకకు తేనె రాయడం, ఏడిస్తే చాక్లెట్ చేతిలో పెట్టడం. ముందరి పై పళ్లు మొదట తెల్లగా, తర్వాత గోధుమ రంగులోకి మారితే ఆలస్యం చేయకూడదు.

మొదటి పన్ను రాగానే తోమడం మొదలుపెట్టాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్ల దాకా తోమే పని పెద్దవాళ్లు చూసుకోవాలి. పేస్టు కొనేటప్పుడు అట్ట మీద ఫ్లోరైడ్ ఎంతో చూడాలి. ప్రపంచవ్యాప్తంగా సిఫారసు చేసేది 1000 నుంచి 1500 పీపీఎం. మన దేశంలో చట్టం 1000 పీపీఎం దాటనివ్వదు. కాబట్టి 1000కి దగ్గరగా ఉన్నది తీసుకోవాలి. మెట్ట ప్రాంతంలో బోరు నీళ్లే తాగే పిల్లలకు మాత్రం డాక్టర్‌ను అడిగి నిర్ణయించాలి. బిడ్డను మొదటిసారి దంత డాక్టర్‌కు చూపించాల్సిన వయసు ఏడాది.

పెద్దవాళ్లలో దాగి ఉండే కారణాలు

నలభై దాటాక కొత్తగా పళ్లు పుచ్చుతుంటే మొదట మందుల డబ్బా చూడాలి. బీపీ, అలర్జీ, డిప్రెషన్ మందుల్లో కొన్ని నోటిని ఎండబెడతాయి. షుగర్ అదుపులో లేకపోయినా నోరు ఎండుతుంది, చిగుళ్లు దిగుతాయి, బయటపడ్డ వేర్లు త్వరగా పుచ్చుతాయి. మందులు సొంతంగా ఆపకూడదు. డాక్టర్‌కు చెబితే మార్చగలిగినవి మారుస్తారు. నోరు ఎండుతోందని తీపి గోలీలు చప్పరిస్తే సమస్య రెండింతలవుతుంది.

గర్భిణుల్లో వేవిళ్ల వాంతులు, మాటిమాటికీ తినడం వల్ల ముప్పు పెరుగుతుంది. బిడ్డ తల్లి పళ్లలోని కాల్షియం లాక్కుంటుందన్నది మాత్రం నిజం కాదు. వాంతి అయ్యాక వెంటనే తోమకుండా నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగాలి. జర్దా పాన్, గుట్కా అలవాటు ఉన్నవాళ్లలో పళ్లు అరిగి, చిగుళ్లు దిగుతాయి. నోటి కాన్సర్ భయం దానికి అదనం.

మెట్టు తేలాక వైద్యం

తక్కువ ముప్పు ఉన్నవాళ్లకు పేస్టు, తిండి అలవాట్లు చాలు. మధ్యస్థం నుంచి పైకి వెళ్లేకొద్దీ ఫ్లోరైడ్ వార్నిష్ చేరుతుంది. దీన్ని పళ్లకు కుంచెతో పూస్తారు, కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు. మూడు నుంచి ఆరు నెలలకోసారి వేస్తారు. పాలపళ్ల గుంటలు ముదరకుండా ఆపడానికి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే చుక్కల మందు ఉంది. డ్రిల్లింగ్ అక్కర్లేదు కానీ పుచ్చిన చోటు నల్లగా మారుతుంది. ఈ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. ఫ్లోరైడ్ పేస్టును, ఈ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నోరు పుక్కిలించే మందు రాస్తే ఆల్కహాల్ లేని రకం ఇవ్వమని అడగొచ్చు.

ఖర్చు కోణంలో చూసినా లెక్క స్పష్టమే. మచ్చ దశలో ఖర్చు పూతతో పోతుంది. గుంట దశలో సిమెంటు. నరం దాకా వెళ్తే రూట్ కెనాల్, ఆపైన క్యాప్. అదీ ఆగకపోతే పన్ను పీకించి కట్టుడు పన్ను. ఒక్కో మెట్టు దిగేకొద్దీ బిల్లు పెరుగుతుంది, సొంత పన్ను తగ్గుతుంది.

ఎక్కడ చూపించుకోవాలి?

నెల్లూరు చింతారెడ్డిపాళెంలో నారాయణ డెంటల్ కాలేజీ, ఆసుపత్రి ఉన్నాయి. డెంటల్ కాలేజీల్లో పిల్లల దంత విభాగం, ప్రజారోగ్య దంత విభాగం విడివిడిగా ఉంటాయి. పుచ్చు నివారణ గురించి అడగాల్సింది వాళ్లనే. నగరంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. స్కూలు, అంగన్‌వాడీ పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పళ్ల సమస్యలను గుర్తించడం కూడా భాగమే. బృందం వచ్చిన రోజు బిడ్డను స్కూలు మాన్పించకూడదు.

ఇంట్లో వేసుకునే చిన్న లెక్క

ఇంట్లో ప్రతి మనిషికీ ఈ ఎనిమిది ప్రశ్నలు వేసి చూడండి.

1. గత మూడేళ్లలో పన్ను పుచ్చిందా, సిమెంటు పెట్టించారా, పీకించారా?
2. పళ్ల మీద, చిగురు అంచున తెల్ల లేదా గోధుమ మచ్చలు ఉన్నాయా?
3. భోజనాల మధ్య తీపి తిండి, తీపి టీ రోజుకు మూడుసార్లు దాటుతోందా?
4. రాత్రి తోమకుండా పడుకుంటున్నారా?
5. పేస్టులో ఫ్లోరైడ్ లేదా?
6. తాగేది క్యాన్ నీళ్లేనా?
7. నోరు ఎండుతోందా, లేదా రోజూ మందులు వాడుతున్నారా?
8. తల్లికి, తోబుట్టువులకు పుచ్చు పళ్లు ఉన్నాయా?

మొదటి రెండింటిలో ఒక్కదానికి 'అవును' వచ్చినా ముప్పు ఎక్కువ ఉన్నట్టే, ఈ నెలలోనే చూపించుకోవాలి. ఏడోదానికి నోరు ఎండుతోందని జవాబు వస్తే కూడా ఆగకూడదు. మిగతావాటిలో రెండు మూడు 'అవును'లు వస్తే మధ్యస్థం అనుకుని ఆ అలవాట్లు మార్చుకుంటూ ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఇది డాక్టర్ పరీక్షకు బదులు కాదు. వెళ్లినప్పుడు ఈ జవాబులు, వాడే మందుల చీటీ, నీళ్ల పరీక్ష కాగితం చేతిలో ఉంటే అంచనా త్వరగా, సరిగ్గా తేలుతుంది. 'ఏ పన్ను నొప్పి?' అని అడిగితే, 'నొప్పి లేదు డాక్టర్, ముప్పు ఎంత ఉందో చూడండి' అని చెప్పండి.